చైన్ విప్పిన సైకిల్

జనగామ,
8 ఏప్రిల్ 2025

చెల్లె గుల్షన్ బేగంకు అన్న అమీర్ అలీ సలాం.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనొక్కడినే. పండుగకు వచ్చిన నా కొడుకు షాహిద్ మూడో రోజే భూపాలపల్లికి, బొగ్గు బావి డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ, "అబ్బా, దుకాణం బంద్ చేసి నా దగ్గరికి రారాదు?" అన్నాడు. "నీ క్వార్టర్ల నాకు గాలాడది" అన్నాను. మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

నువ్వు ఫోన్ చేశావని జిరాక్స్ దుకాణం శశికళ వచ్చి చెప్పింది. నా చెవికి ఫోన్ పనికిరాదని తెలిసి ఎందుకు చేస్తావు? అందులో నాకు గాలి కొట్టే పంపు చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఇకముందు ఇట్లా చేద్దాం. నేను కాగితం మీద రాస్తాను. శశికళ దాన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది. నువ్వు కూడా కాగితం మీదే రాసి ఫోటో తీసి పంపు, ఆమె ప్రింటు తీసి నా చేతిలో పెడుతుంది. నాకు ఇచ్చే ముందు ఆమె చదువుతుంది. అది కూడా తెలుసుకుని రాయి.

నీ బిడ్డ మహీన్ నిన్ను వియత్నాం తీసుకుపోతుందట. సెలవులకు మనుషులు అంత దూరం పోవాలా? అక్కడ కప్పలు తింటారని విన్నాను. గిన్నెలో ఏముందో అడగకుండా తినకు.

ఇంకొక మాట. పండుగనాడు మహీన్ తన ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. సముద్రం పక్క నుంచి పోయే తోవ, దాని నిండా సైకిళ్లు. "మామూ, అమ్మీ గూడ తొక్కుతది సూడు" అని నవ్వింది. నేను చెప్తున్నా, నువ్వు సైకిల్ ఎక్కకు. చెప్పానంటే చెప్పాను.

వానలు లేవు. ఎండ దంచుతోంది. మార్కెట్‌కు వడ్లు వస్తున్నాయి, తోవ పొడుగునా ఆరబోశారు. నడవటానికి జాగా లేదు.

నీ అన్న
అమీర్ అలీ

✦

హోయ్ ఆన్, వియత్నాం,
12 ఏప్రిల్ 2025

భాయిజాన్‌కు గుల్షన్ సలాం.

సంచి సర్దుతుంటే నీ ఉత్తరం వచ్చింది. చదువుకుని మడత పెట్టే వీలు లేదు కదా, ఫోటో! అయినా మహీన్‌తో ప్రింటు తీయించి పర్సులో పెట్టుకున్నాను. నీ చేతిరాత ఇన్ని వరుసలు చూడటం నా జన్మలో ఇదే మొదటిసారి.

కప్పల సంగతి వదిలెయ్యి. ఇక్కడ మూడు పూటలా అన్నమే. చేపలు మన చెరువు చేపల కంటే రుచిగా ఉన్నాయి. మహీన్ వెతికి వెతికి హలాల్ హోటల్ ఒకటి పట్టింది. దాన్ని నడిపే ముసలామె తలకు గుడ్డ కట్టుకుని అచ్చం మన మేనత్త ఫుప్పూలాగే కసురుతుంది. నాకైతే ఇంట్లో కూర్చున్నట్టే ఉంది.

ఈ ఊరి నుంచి సముద్రానికి నాలుగైదు కిలోమీటర్లు. తోవ వరి చేల నడుమ నుంచే పోతుంది. యాసంగి వరి మన దగ్గరలాగే పసుపుబారి వంగింది. గట్టు మీద బర్రెలు. కళ్లు మూసుకుంటే లింగాల ఘనపూర్ పోతున్నట్టే అనిపిస్తుంది. తెరిస్తే చేను అయిపోయిన చోట ఆకాశం కిందికి దిగి నీళ్లయి ఉంటుంది. వరి పక్కన సముద్రం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఒడ్డున పెద్ద గంపల్లాంటి గుండ్రటి పడవలు బోర్లించి పెడతారు. అక్కడి నుంచి ఒడ్డు వెంబడే పోతే ఎంత దూరమైనా సముద్రం పక్కనే ఉంటుందట. పోయినవాళ్లు చెప్పారు.

నేను పోలేదు. మేము దిగిన చోట సైకిళ్లు ఊరికే ఇస్తారు. మూడు రోజుల నుంచి మహీన్ పొద్దున్నే రెండు తెచ్చి నిలబెడుతోంది.

"ఎక్కమ్మీ, నేను పట్టుకుంట."

"మీ మామూ వద్దన్నడు."

"మామూ జనగామల ఉన్నడు. గీడికెట్ల కనవడ్తది?"

"ఆయనకు కనవడకుంటేంది? నాకు కనవడ్తది."

అది విసుక్కుని ఒక్కతే పోతుంది. నేను కొబ్బరి బోండాలు అమ్మే చోట కూర్చుని తోవ మీద పోయేవాళ్లను చూస్తుంటాను. నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు, వెదురు టోపీలు పెట్టుకుని, కూరగాయల గంపలు కట్టుకుని, బెల్లు కొట్టుకుంటూ పోతారు. వాళ్లకు అన్నలు లేరేమో.

అప్పుడు బయ్యారంలోనూ నీ మాటే విన్నాను. నర్సు ఉద్యోగంలో పదిహేనేళ్లు తండాలన్నీ కాలినడకనే తిరిగాను. ఇప్పుడు అరవై నాలుగేళ్లకు కూడా నువ్వే గెలిచావు. సంతోషమేనా?

మేము పందొమ్మిదో తారీకు పొద్దున విమానం ఎక్కుతాం.

గుల్షన్

✦

జనగామ,
13 ఏప్రిల్ 2025

గుల్షన్‌కు,

నీ ఉత్తరం శశికళ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నా మొహం వైపు చూడలేదు. అప్పుడే తెలిసింది అందులో ఏదో ఉందని.

ఏ మాట విన్నావు నువ్వు? నేను ఎప్పుడు, ఏం చెప్పాను? నీ మోకాళ్లు అరిగాయని, డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నాడని మహీన్ చెప్పింది. అందుకే సైకిల్ వద్దన్నాను. బొక్క విరిగితే ఆ దేశపు దవాఖానాలో నీ మాట ఎవరికి అర్థమవుతుంది? దానికి గెలుపెక్కడిది, ఓటమెక్కడిది?

ఇక బయ్యారం మాట తీశావు కాబట్టి నేనూ రాస్తాను. నలభై ఏళ్లు నోరు మూసుకున్నాను. చాలు.

నీకు ఎనభై నాలుగులో ఉద్యోగం వచ్చింది. తండాలు తిరగాలని విన్నాను. అడ్డ కడ్డీ లేని ఆడవాళ్ల ఫ్రేము హైదరాబాద్ నుంచి తెప్పించాను. చక్రాలు నేనే అల్లాను. ముందు దానికి ముప్పై రెండు పుల్లలు, వెనక దానికి నలభై. ఒక్కొక్క పుల్ల గోటితో మీటి, చప్పుడు సమంగా వచ్చేదాకా బిగించాను. అప్పుడు చెవులు పని చేసేవి. పచ్చ రంగు నువ్వు చిన్నప్పుడు ఇష్టపడ్డదే వేశాను. దుకాణం వారం రోజులు మూసి చేసిన పని అది. స్టేషన్‌లో హమాలీ తుల్సీరాంను పట్టుకుని మహబూబాబాద్‌కు బుక్ చేయించాను. అక్కడి నుంచి బస్సు మీద వేసి నీ ఇంటికి చేర్చారని తెలిసింది.

నీ నుంచి ఒక్క ముక్క లేదు. అందింది అనే మాట కూడా లేదు. దసరా పోయింది, పండుగ పోయింది. మరుసటి ఏడు వానాకాలంలో నేనే బస్సెక్కి బయ్యారం వచ్చాను. నీ ఇంటికి తాళం వేసి ఉంది. సైకిల్ గోడకు ఆనించి ఉంది. దాని మీద బీర తీగ పాకింది. హ్యాండిల్‌కు మూరెడు బీరకాయ వేలాడుతోంది. నేను అల్లిన చక్రాన్ని పందిరి చేశావు.

అటు నుంచి అటే తిరిగి వచ్చాను. ఆ తర్వాత నీ మొగుడు పోయినప్పుడు తప్ప నీ గడప తొక్కలేదు. పెళ్లిళ్లలో కలిస్తే సలాం అంటే సలాం. అంతే. ఎందుకో నువ్వూ అడగలేదు.

ఇప్పుడు నేను తొక్కనివ్వలేదని రాస్తావు. రాయి, రాయి.

అమీర్ అలీ

✦

హోయ్ ఆన్,
14 ఏప్రిల్ 2025

భాయిజాన్‌కు,

నిన్న నీ ఉత్తరం చదివి సముద్రం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మహీన్ రెండు సార్లు వచ్చి పిలిచింది.

నువ్వు బయ్యారం వచ్చిన సంగతి నాకు తెలియదు. ఇవ్వాళే తెలిసింది.

సైకిల్ అందింది. పచ్చది. ముద్దుగా ఉంది. చక్రం తిప్పితే ఊగకుండా దారంలా తిరిగింది. ఎవరు అల్లారో చెప్పనక్కర్లేదు. కానీ దానికి చైన్ లేదు భాయిజాన్.

చైన్ లేని సైకిల్ అంటే మన ఇంట్లో ఏమిటో నీకు నేను చెప్పాలా? అబ్బా కిరాయి సైకిళ్ల దుకాణం నడిపిన రోజులు గుర్తు చేసుకో. తాగి తొక్కినవాడికి, ముగ్గురిని ఎక్కించుకున్నవాడికి తిట్లుండేవి కావు. చైన్ విప్పి మేకుకు తగిలించి, సైకిల్‌ను వాడి ముందే నిలబెట్టేవాడు. "సూస్కుంట కూసో" అనేవాడు. ఇక ఆ మనిషికి మన దుకాణంలో సైకిల్ లేదని అర్థం.

నాకు పదమూడేళ్లప్పుడు, నువ్వు సీటు వెనక పట్టుకుని నేర్పిన వారానికే, నేను ఒక్కదాన్నే స్టేషన్ దాకా తొక్కి వచ్చాను గుర్తుందా? పాల డబ్బాలవాళ్లు, బండ్లవాళ్లు అందరూ చూశారు. నాకు భయం లేదు. నా జన్మలో అంత సంతోషం మళ్లీ రాలేదు. ఇంటికి వచ్చేసరికి అబ్బా వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను కొట్టలేదు. నీ వైపు తిరిగి, "అమీర్, దాని చైన్ ఇప్పు" అన్నాడు. నువ్వు సుత్తి తెచ్చావు. పిన్ను కొట్టావు. విప్పావు. నా వైపు చూడలేదు. ఆ చిన్న సైకిల్ ఏడాది పొడుగునా గుమ్మం దగ్గరే ఉంది. వస్తూ పోతూ నేను దాని సీటు మీద దుమ్ము తుడిచేదాన్ని. అబ్బా పోయాడు. నాకు పెళ్లయింది.

అట్లాంటి ఇంటి నుంచి, అవే చేతుల నుంచి, చైన్ లేని సైకిల్ వస్తే నేనేం అనుకోవాలి? సైకిల్ నీదే, తొక్కొద్దు అని నువ్వు చెప్పినట్టే అనుకున్నాను. మా అత్త అయితే నవ్వింది. "మీ అన్నకు నీ మీద మస్తు ప్రేమ, పావురం ఉన్నట్టుంది, సగం పంపిండు" అంది. ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాత నడిచాను. ద్వాళి అని ఒక లంబాడా ఆమె, తండా మంత్రసాని, ఎండలో నాతో నడిచేది. మందుల డబ్బా తను ఎత్తుకునేది. ఒకసారి అడిగింది: "ఇంటికాడ సైకిలుంది గద బేగమమ్మా, నడుసుడేంది?" అని. "అది నడువది" అన్నాను. "సైకిల్ నడువదా, నువ్వు నడిపియ్యవా?" అంది. మా ఇంటి సంగతి పరాయి ఆమెకు ఎట్లా చెప్పను? బీర తీగ నేను పాకించలేదు. అదే పాకింది. పీకడానికి మనసు రాలేదు.

నీకు ఇప్పుడైనా అర్థమైందా?

గుల్షన్

✦

జనగామ,
15 ఏప్రిల్ 2025

గుల్షన్‌కు,

చైన్ ఉంది. సైకిల్‌తోనే పంపాను.

సీటు వెనక తోలు సంచి ఒకటి కట్టాను. అందులో ఉంది. కొత్త చైన్. గ్రీజు పెట్టి, నా పాత లుంగీ ముక్కలో చుట్టి, సంచి నోరు సన్న తీగతో బిగించాను. ఆ రోజుల్లో సైకిల్‌ను రైలు బండెక్కిస్తే దారిలో దొంగలు చైన్, పెడళ్లు ఊడదీసేవాళ్లు. పెడళ్లు లోపలికి తిప్పి బిగించాను. చైన్ దాచాను. బండి మీద సైకిల్ పంపే ఏ మిస్త్రీ అయినా అదే చేస్తాడు. సైకిళ్ల దుకాణంలో పుట్టిన పిల్ల సంచి విప్పి చూడదా అనుకున్నాను.

ఆ ముక్క ఒక చీటీ మీద రాసి కట్టొచ్చు కదా అంటావు. ఎవరు రాయాలి? సైకిళ్ల మీద నంబర్లు వేయడమే అప్పుడు నాకు వచ్చు. అక్షరాలు రావు. నీకు తెలుసు, నీ అత్తగారింటి వాళ్లకు తెలియదు. స్టేషన్ బాబుతో రాయించమని తుల్సీరాం అన్నాడు. "ఒక్క నిమిషం పని భాయ్, చెప్తే రాస్తడు" అన్నాడు. నామోషీ అనిపించింది. అమీర్ అలీ ఒక చీటీ కోసం ఇంకొకడి ముందు నిలబడటమా? "మా చెల్లె సదువుకున్నది, దానికే తెలుస్తది" అని వచ్చేశాను. యాభై దాటాక వయోజనుల బడికి పోయి నేర్చుకున్నాను. అప్పటికి ఏం లాభం?

చిన్న సైకిల్ చైన్ విప్పింది నేనే. అబ్బా ఎదురుగా ఉంటే నేనేం చేయగలను? ఈ ముక్క రాసి రెండు సార్లు కొట్టేశాను. ఇరవై ఏళ్లవాడిని. వద్దు అబ్బా అనొచ్చు. అనలేదు. అదీ రాస్తున్నాను. శశికళ చదివితే చదవనీ.

ఆ పచ్చ సైకిల్ ఇంకా ఉందా? ఉంటే ఎవరితోనైనా సంచి విప్పించు. నా మాట నమ్మకు, కళ్లతో చూడు.

ఇక విను. నీకు ఇంకా మూడు రోజులు ఉన్నాయి. మోకాళ్ల సంగతి శశికళతో మాట్లాడాను. వాళ్ల అమ్మకు డాక్టరే సైకిల్ తొక్కమన్నాడట. నాకు తెలిసిందల్లా తప్పే అయితే ఏం చేస్తాను? కాబట్టి ఎక్కు. కానీ నేను చెప్పినట్టు ఎక్కు:

సీటు దించించు. కూర్చుంటే రెండు కాళ్లూ నేల మీద ఆనాలి. ధైర్యం వచ్చాక సీటు రెండు వేళ్ల ఎత్తు లేపించు, లేకపోతే మోకాలు గుంజుతుంది. చక్రం ఎత్తి తిప్పి చూడు, బ్రేక్ ముక్క రుద్దుకోకూడదు. పుల్లలు మీటి చూడు, ఒకటి డబ్ అంటే ఆ సైకిల్ వద్దను. దుపట్టా నడుముకు చుట్టుకో, చక్రంలో పడితే మెడకు ఉరి. ఇసుక ఉన్నచోట ముందు బ్రేక్ పట్టకు. సముద్రం గాలి ఎటుందో చూసుకుని మొదట ఎదురుగాలికి పో, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు గాలే నెడుతుంది. ఇవి అబ్బా నాకు చెప్పినవి కావు. ఆయన సముద్రం చూడలేదు, నేనూ చూడలేదు. గాలి ఎక్కడైనా గాలే.

మహీన్‌ను వెనక పట్టుకోనివ్వు. కానీ ఎక్కువసేపు వద్దు.

అమీర్ అలీ

✦

హోయ్ ఆన్,
18 ఏప్రిల్ 2025

భాయిజాన్‌కు,

పచ్చ సైకిల్ లేదు. తొంభై తొమ్మిదిలో మహబూబాబాద్‌కు బదిలీ అయినప్పుడు పాత ఇనుము కొనే బుచ్చికి ఇచ్చేశాను. తోలు సంచి దాని వెంటే పోయింది. ఏనాడూ విప్పలేదు. అందులో పాన, పంక్చర్ సామాను ఉంటాయనుకున్నాను. చైన్ లేని సైకిల్‌కు పాన దేనికి అనుకున్నాను. కాబట్టి కళ్లతో చూడమంటే నేను చూడలేను. నువ్వు చూపించలేవు.

రెండు రోజులు అదే ఆలోచించాను. ఈ ముసలాయన ఇప్పుడు నన్ను ఊరడించడానికి ఒక చైన్ పుట్టించాడా అనుకున్నాను. మహీన్‌ను అడిగాను. అది నవ్వింది. "అమ్మీ, మామూ ఎప్పుడన్న నిన్ను ఊరడించిండా?" అంది.

నిజమే. నా పెళ్లినాడు "నీ మొగుడు పొట్టిగున్నడు" అన్నావు. ఆయన పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే, "గుండెనొప్పి ఉన్నోడు గన్ని బీడీలు తాగొచ్చునా?" అన్నావు. నీ నోటి నుంచి నా కోసం ఒక్క మెత్తని అబద్ధం ఎప్పుడూ రాలేదు. ఇవ్వాళ కొత్తగా ఎందుకు వస్తుంది? చైన్ ఉందన్నావంటే ఉంది.

ఎక్కాను భాయిజాన్.

మొదటి సైకిల్ పుల్లలు మీటితే రెండు డబ్ అన్నాయి. వద్దన్నాను. సైకిళ్లు ఇచ్చే మనిషి విచిత్రంగా చూశాడు. నేను వేలితో మీటి వినిపించాను. అతనికి అర్థమై, తల ఊపి, లోపల నుంచి ఇంకొకటి తెచ్చాడు. సీటు అతనే దించాడు. మా ఇద్దరికీ ఒక్క మాట కలవదు, కానీ పని మొత్తం మాట్లాడుకున్నాం.

మొదట చేని మలుపు దగ్గర పడ్డాను. భయపడకు, మోచేయి గీసుకుంది అంతే. ఒక బర్రె నన్ను చూసి మొహం తిప్పుకుంది. లేచి మళ్లీ ఎక్కాను. మహీన్ కొంతదూరం పట్టుకుంది. తర్వాత ఎప్పుడు వదిలిందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. నేనే ముందు పోతూ ఉన్నాను.

చేలు అయిపోయాక ఎడమ పక్కకు తిరిగితే తోవ సముద్రం వెంబడి పడుతుంది. గాలి ఎదురుగా కొట్టింది. నువ్వు చెప్పినట్టే మొదట దాన్నే తీసుకున్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. గాలికే. ఒక పక్క ఎండబెట్టిన వలలు, గుండ్రటి పడవలు, చేపలు ఏరే ఆడవాళ్లు. ఇంకో పక్క నీళ్లు. ఒక్కో అల వచ్చి ఒడ్డున విరిగితే, ఆ తుంపర తోవ దాకా వచ్చి పెదవులకు ఉప్పగా తగిలింది. ఒక ముసలామె గంపలతో నా పక్కకు వచ్చి బెల్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆమె మళ్లీ కొట్టింది. అట్లా ఇద్దరం చాలా దూరం కొట్టుకుంటూ పోయాం. మధ్యలో దారికి అడ్డంగా వచ్చిన కుక్కను "హట్, హట్!" అని నా గొంతంతా పెట్టి అదిలించాను. వియత్నాం కుక్కకు మన మాట అర్థమైంది.

పద్నాలుగు కిలోమీటర్లు అని మహీన్ ఫోన్లో చూపించింది. దాంట్లో ఏడు గాలే తొక్కింది.

నాకు కోపం పోయిందా అంటే, మొత్తం పోలేదు. పదిహేనేళ్ల నడక కాళ్లలో ఉంది, అది ఎక్కడికి పోతుంది? కానీ ఆ కోపం ఇన్నాళ్లు నీ మీద పెట్టుకున్నాను. ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రేపు పొద్దున బయలుదేరుతాం.

నీ చెల్లె
గుల్షన్

✦

జనగామ,
19 ఏప్రిల్ 2025

గుల్షన్‌కు,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. శశికళ నాకంటే ముందు చదివింది కాబట్టి ఏడ్చి, మొహం కడుక్కుని తెచ్చింది. "సుట్టాల ఉత్తరమంటే ఊకె సలాంలుంటయనుకున్న తాతా" అంది. ప్రింటు పైసలు తీసుకోలేదు. నేను బల్ల మీద పెట్టేసి వచ్చాను.

మోచేతికి పసుపు పెట్టు. పద్నాలుగు కిలోమీటర్లు మొదటి రోజుకు ఎక్కువ. చెప్పినా వినవు.

నీ కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదని రాశావు. నా మీదే పెట్టు. అది నాదే. ఎందుకో రాస్తాను. ఇంకొక ముక్క మొన్న రాయలేదు.

ఆ వానాకాలం నేను బయ్యారం వచ్చినప్పుడు సైకిల్‌ను, బీరకాయను చూసి తిరిగి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఎర్రమట్టి తోవ మీద దూరం నుంచి ఇద్దరు ఆడవాళ్లు నడిచి వస్తున్నారు. ఒకామె నెత్తి మీద డబ్బా ఉంది. రెండో మనిషివి నువ్వు. చెప్పులు చేతిలో పట్టుకున్నావు. చీర కుచ్చిళ్లకు మోకాళ్ల దాకా బురద. నువ్వు నడిచే తీరు నాకు ఎక్కడైనా తెలుస్తుంది.

నేను కనబడొచ్చు. రెండు అడుగులు ముందుకు వేస్తే చాలు. "సైకిల్ ఇంటికాడ పెట్టి నడుసుడేంది?" అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. నువ్వు చైన్ అనేదానివి. నేను సంచి అనేవాడిని. నలభై ఏళ్లు మిగిలేవి. అడగలేదు. బస్సు వచ్చింది, ఎక్కి అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. నువ్వు బస్సుకు దారిచ్చి పక్కకు జరిగి నిలబడ్డావు. చక్రం చిమ్మిన బురద నీళ్లు నీ మీద పడ్డాయి. నువ్వు తుడుచుకుంటుంటే బస్సు పోయింది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. షాహిద్ అమ్మకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఏ తండా నుంచి వస్తున్నావు? ఎంత దూరం నడిచావు?

నీ అన్న
అమీర్ అలీ